కేటీ వీడియోలతో పని కాదు.. కోడ్‌తో పాటే మాన్యువల్! ఏంటీ ‘డాక్స్ యాజ్ కోడ్’?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అందరూ వాయిదా వేసే పని ఒకటుంది. అదే డాక్యుమెంటేషన్. ప్రొడక్ట్ ఎలా పనిచేస్తుంది, సర్వర్ మొరాయిస్తే ఏం చేయాలి, ఏ కమాండ్ ఎప్పుడు కొట్టాలి.. ఇవన్నీ రాసి పెట్టుకోవడమన్నమాట. ‘రిలీజ్ అయ్యాక రాద్దాంలే’ అనుకుంటారు. ఆ రోజు మాత్రం రాదు. రాయకపోతే కొంపలేం మునుగుతాయి అనుకునేవాళ్లు 2017లో గిట్‌ల్యాబ్‌కు ఏం జరిగిందో తెలుసుకోవాల్సిందే.

ఆ రోజు ఏం జరిగిందంటే..

ప్రపంచవ్యాప్తంగా డెవలపర్లు తమ కోడ్‌ను భద్రపరచుకుని, కలిసి పనిచేసుకునే వేదిక గిట్‌ల్యాబ్. 2017 జనవరి 31న దాని డేటాబేస్‌పై లోడ్ బాగా పెరిగింది. ప్రధాన సర్వర్‌కు నకలుగా ఉండే రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మళ్లీ సిద్ధం చేయడానికి ఓ ఇంజినీర్ ‘పీజీ బేస్‌బ్యాకప్’ అనే కమాండ్ ఇచ్చారు. స్క్రీన్ మీద ఉలుకూ పలుకూ లేదు.

నిజానికి ఆ కమాండ్ అలా కాసేపు మౌనంగా ఉండటం మామూలే. కానీ ఆ సంగతి తమ సొంత గైడ్‌లోనూ, ఆ టూల్ అధికారిక డాక్యుమెంట్‌లోనూ స్పష్టంగా లేదని గిట్‌ల్యాబే తర్వాత తన నివేదికలో రాసుకుంది. పాత ఫైళ్లు అడ్డొస్తున్నాయేమోనని ఆ ఇంజినీర్ డేటా ఫోల్డర్‌ను డిలీట్ చేశారు. తీరా చూస్తే అది నకలు సర్వర్ కాదు.. ప్రధాన సర్వర్! వెంటనే ఆపినా అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది.

బ్యాకప్ ఉంటుంది కదా అంటారా? రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిల్ అవుతోందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సుమారు 6 గంటల ముందు తీసిన ఓ స్నాప్‌షాట్ గట్టెక్కించింది. సైట్ దాదాపు 18 గంటలు ఆగిపోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్ల వివరాలు దెబ్బతిన్నాయి. రికవరీ పనిని కంపెనీ యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చింది. ఈ ప్రమాదానికి కారణాలు చాలానే ఉన్నాయి. అయితే అన్నిటికంటే ముందు, చేతిలో ఉన్న గైడ్‌లో ఒక ముఖ్యమైన విషయం లేకపోవడం ఇంజినీర్‌ను తప్పుదారి పట్టించింది.

అసలు ఎందుకు రాయరు?

బద్ధకం ఒక్కటే కారణం కాదు. కోడ్ ఒకచోట ఉంటుంది, డాక్యుమెంట్ ఇంకోచోట ఉంటుంది. ఒకటి వర్డ్ ఫైల్‌లో, ఇంకోటి పాత మెయిల్‌లో. ఎక్కడ ఎడిట్ చేయాలో, ఎవరు ఓకే చేయాలో, ఎప్పుడు పబ్లిష్ అవుతుందో తెలియదు. అదంతా తేలేలోపు ప్రొడక్టే మారిపోతుంది.

హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులకు ‘కేటీ’ అంటే వేరే చెప్పక్కర్లేదు. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లు తమకు తెలిసిందంతా కొత్తవాళ్లకు చెప్పి వెళ్లే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. చాలాసార్లు అది గంటల కొద్దీ వీడియో కాల్ రికార్డింగ్‌గా మిగిలిపోతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఏ వీడియోలో, ఏ నిమిషం దగ్గర చెప్పారో వెతికేదెవరు?

డాక్స్ యాజ్ కోడ్ ఎలా పనిచేస్తుంది?

దీని సూత్రం సింపుల్. కోడ్‌ను ఎలా చూసుకుంటామో డాక్యుమెంట్‌నూ అలాగే చూసుకోవాలి.

1. మామూలు టెక్స్ట్‌లో రాయాలి. ఇందుకు ఎక్కువగా వాడేది మార్క్‌డౌన్. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన పద్ధతి ఇది. హెడ్డింగ్ కావాలంటే ముందు # పెడితే చాలు. ఫాంట్లు, మార్జిన్ల గొడవ ఉండదు.

2. కోడ్ పక్కనే దాచాలి. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన ‘గిట్’లో కోడ్‌తో పాటే ఈ ఫైళ్లూ ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఏ లైన్ మార్చారో మొత్తం రికార్డ్ అవుతుంది.

3. రివ్యూ కలిపే జరగాలి. కొత్త ఫీచర్ కోడ్‌ను, దాని డాక్యుమెంట్‌ను ఒకే రిక్వెస్ట్‌లో పంపాలి. డాక్యుమెంట్ లేదా? రివ్యూ చేసేవాళ్లు అక్కడే ఆపేయొచ్చు.

4. చిన్న తప్పులను మెషీనే పట్టాలి. స్టైల్ తేడాలను ‘వేల్’ లాంటి టూల్స్ ఆటోమేటిక్‌గా చూపిస్తాయి.

5. ఓకే అనగానే పబ్లిష్ అవ్వాలి. మార్పు ఆమోదం పొందగానే సైట్ దానంతటదే అప్‌డేట్ అవుతుంది. స్ఫింక్స్, ఎంకేడాక్స్, ఫేస్‌బుక్ 2017లో విడుదల చేసిన డాక్యుసారస్ ఇందుకు ఉపయోగపడతాయి. మూడూ ఓపెన్ సోర్సే.

గిట్‌ల్యాబ్ ప్రొడక్ట్ డాక్యుమెంట్లు ఇలాగే తయారవుతాయి. కోడ్ ఉన్నచోటే ‘డాక్’ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. డాక్యుమెంట్ కూడా సిద్ధమైతేనే ఫీచర్ పూర్తయినట్టు లెక్క.

కోడింగ్ రానివాళ్ల సంగతేంటి?

ప్రొడక్ట్ మేనేజర్లు, కస్టమర్ సపోర్ట్ వాళ్లకు గిట్ అంటే కాస్త బెరుకు ఉంటుంది. అందుకే చాలా డాక్యుమెంట్ సైట్లలో ప్రతి పేజీకీ ‘ఎడిట్ దిస్ పేజ్’ లింక్ పెడతారు. నొక్కితే బ్రౌజర్‌లోనే ఎడిట్ చేసి, రివ్యూకి పంపొచ్చు. కస్టమర్ల కష్టాలు రోజూ వినేది సపోర్ట్ టీమే కాబట్టి వాళ్లు రాయగలగడం చాలా ముఖ్యం.

ఏం రాయాలో తెలియకపోతే?

డానియెలె ప్రోచిదా రూపొందించిన ‘డయాటాక్సిస్’ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. ఇందులో డాక్యుమెంట్లు నాలుగు రకాలు. బైక్‌తో పోల్చి చూద్దాం. కొత్తవాళ్లకు బండి నేర్పడం ట్యుటోరియల్. పంక్చర్ ఎలా వేయాలో చెప్పడం హౌ టు గైడ్. టైర్‌లో గాలి ఎంత ఉండాలో చెప్పే పట్టిక రిఫరెన్స్. క్లచ్ ఎందుకు ఉందో చెప్పడం వివరణ. నాలుగూ ఒకే పేజీలో కలిపేస్తే ఎవరికీ అర్థం కాదు.

ఒక్క జాగ్రత్త

టూల్ మారితే రాయడం తేలికవుతుంది. బాధ్యత మాత్రం మనుషులే తీసుకోవాలి. బ్యాకప్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే బాధ్యత ఎవరికీ లేకపోవడమే వాటిని పరీక్షించకపోవడానికి కారణమని గిట్‌ల్యాబ్ నివేదికలో ఉంది. డాక్యుమెంట్లకూ అదే వర్తిస్తుంది. ప్రతి పేజీకీ ఒక ఓనర్ ఉండాలి. పాతబడిన పేజీని సరిచేయాలి, లేదంటే తీసేయాలి. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు కూడా ఈ పేజీలు చూసే జవాబులు చెబుతున్నాయి. పేజీ తప్పైతే జవాబూ తప్పే.

మీ టీమ్‌లో మొదలుపెట్టాలంటే పెద్ద ప్లాన్ అక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడిగే ఒక్క ప్రశ్న తీసుకోండి. దాని జవాబును మార్క్‌డౌన్‌లో రాసి, కోడ్ పక్కనే పెట్టండి. వచ్చే వారం ఆ ప్రశ్న అడిగినవాళ్లకు లింక్ పంపితే సరిపోతుంది.