ఈ వ్యాగన్ ఏ సంవత్సరంది?

మోడల్ రైళ్ల హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ముందు చేసే పని, కొన్న గూడ్స్ వ్యాగన్‌కి గోధుమ రంగు పూసి తుప్పు పట్టినట్టు చూపించడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పాతగా కనిపించడం వేరు, ఫలానా సంవత్సరంలో ఉన్నట్టు కనిపించడం వేరు. అసలు వ్యాగన్ దశాబ్దాలపాటు పట్టాల మీద తిరుగుతుంది. ఈలోపు దాని బ్రేకులు మారొచ్చు, పేరు మారొచ్చు, ఒక్కోసారి ఒళ్లే మారిపోవచ్చు. మోడల్‌లో ముందు మార్చాల్సింది అవి.

మన పాతబస్తీ లైనే తీసుకోండి. ఇప్పుడు ఎంఎంటీఎస్‌లో కాచిగూడ, యాకుత్‌పురా మీదుగా ఫలక్‌నుమా వెళ్తున్నాం కదా, ఆ దారి 1990లలో బ్రాడ్‌గేజ్ అయింది. అంతకుముందు మీటర్‌గేజ్. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87లో, మీటర్‌గేజ్ పట్టాల మధ్య దూరం 11.5 మి.మీ., మన బ్రాడ్‌గేజ్‌ది 19 మి.మీ. పైనే. కాబట్టి "ఫలక్‌నుమా, 1980" అని బోర్డు పెట్టి, దాని ముందు బొగ్గు మోసే బ్రాడ్‌గేజ్ బాక్స్‌ఎన్ నిలబెడితే ఎంత తుప్పు పూసినా లాభం లేదు.

ఆ మీటర్‌గేజ్ కాలంలోనే ఎన్ని మార్పులో! 1930 నుంచి ఆ రైల్వే నిజాం ప్రభుత్వానిది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. ఒకే వ్యాగన్ ముగ్గురు యజమానులను చూసి ఉండొచ్చు. 1967 నాటి మోడల్ చేస్తుంటే పెట్టె మొత్తానికి కొత్త రంగు వద్దు. పాత అక్షరాలు ఉన్నచోట మాత్రం కొంచెం ముదురు రంగు పట్టీ వేసి, దాని మీద కొత్త పేరు రాయండి. నా లెక్కలో తుప్పు కంటే ఆ పట్టీయే ఎక్కువ కథ చెప్తుంది.

బ్రేకుల సంగతి కొంచెం ఓపిగ్గా చేయాలి. వాక్యూమ్ బ్రేక్ వ్యాగన్ అయితే కింద పెద్ద సిలిండర్, చివర లావాటి గొట్టం ఉంటాయి. ఎయిర్ బ్రేక్‌కి సిలిండర్ చిన్నది, పక్కన గాలి ట్యాంకు, గొట్టం సన్నం. పాడైన ఇయర్‌ఫోన్ వైరు ఈ గొట్టాలకి పనికొస్తుంది. కొత్తది కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ ఎలాగూ ఉంది.

ఒళ్లు మారడం అన్నాను కదా. పాత బాక్స్‌ఎన్‌కి స్టెయిన్‌లెస్ స్టీల్ బాడీ వేసి బాక్స్‌ఎన్‌ఆర్ చేశారు. దాని గోడల మీద పాత వ్యాగన్‌లాగా తుప్పు పూస్తే తప్పే. అక్కడ బొగ్గు మసి చాలు.

ఇక మన సీఎస్ వాళ్లకి నచ్చే భాగం. ఇప్పటి వ్యాగన్ నంబర్‌లో 11 అంకెలు. మొదటి రెండు రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు సొంత నంబర్, చివరిది చెక్ డిజిట్. సరి స్థానాల్లోని అంకెలు కూడి 3తో గుణించండి, బేసి స్థానాల మొత్తం కలపండి, పైనున్న పదుల సంఖ్యకి ఎంత తక్కువైతే అదే చెక్ డిజిట్. పుస్తకాల బార్‌కోడ్ లెక్క కూడా ఇదే. ఊరికే 1234085677 అనుకుందాం: 27×3 = 81, దానికి 16 కలిపితే 97, కాబట్టి చివర 3. ఇందులో 08 ఉంది చూశారా? ఈ నంబర్ వేసిన వ్యాగన్ 2008కి ముందు ఏ లేఅవుట్‌లోనూ తిరగకూడదు.

ఇవన్నీ అయ్యాక, ఓవర్‌హాలింగ్ తేదీ కూడా మీరు ఎంచుకున్న సంవత్సరానికి సరిపోయేలా రాశాక, అప్పుడు తుప్పు డబ్బా తెరవండి.