రేకు డబ్బా మీద చివరి మాట

1882 డిసెంబరు 12. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో, బల్లారట్ పట్టణానికి దగ్గర్లోని క్రెస్విక్ అనే చిన్న ఊరు. అక్కడి ఆస్ట్రలేషియన్ బంగారు గనిలో రాత్రి పనికి దిగినవారు పైకి రావలసిన వేళ దగ్గరపడుతోంది. ఆ పక్కనే నీళ్లు నిండిన పాత గని ఒకటుంది. అది ఎంత దగ్గరగా ఉందో తెలియక తవ్వుతుండగా, తెల్లవారుజామున మధ్య గోడ తెగింది. నీళ్లు సొరంగాల్లోకి దూకాయి. 27 మంది లోపల చిక్కుకుపోయారు.

పంపులు రాత్రింబవళ్లు నీళ్లు తోడాయి. గని దగ్గర ఇంటివారు కళ్లల్లో ప్రాణాలు పెట్టుకుని ఎదురుచూశారు. మూడో రోజున దారి దొరికింది. ప్రాణాలతో వచ్చింది ఐదుగురే. చనిపోయిన 22 మంది వెనుక 17 మంది విధవరాండ్రు, 75 మంది పిల్లలు మిగిలారు. ఆస్ట్రేలియా బంగారు గనుల చరిత్రలో ఇంతకంటే ఘోర ప్రమాదం మరొకటి లేదు.

ఈ సంగతి చెప్పి ధనాపేక్ష మీద ప్రసంగించడం తేలిక. కానీ వారు పేరాశపరులు కారు. గని కంపెనీ ఇచ్చే కూలితో పిల్లలకు అన్నం పెట్టుకునే తండ్రులు. టీ కాచుకోవడానికి ప్రతి కార్మికుని దగ్గరా 'బిల్లీ' అనే రేకు డబ్బా ఉండేది. నీళ్లు పైపైకి వస్తున్న ఆ చీకటిలో కొందరు ఆ డబ్బాల మీదే గీతలు గీసి, ఇంటివారికి చివరి మాటలు రాశారు. బంగారం కోసం దిగినవారు చివరి గడియలో తలచుకున్నది తమ ఇంటివారిని!

సమాధుల తోటలో ప్రార్థన ముగిశాక నేను తరచూ వినే మాట ఒకటుంది. "అయ్యగారూ, ఒక్కసారి మాట్లాడి ఉండాల్సింది." గట్టు తగాదాతో ఏళ్ల తరబడి పలకరించుకోని అన్నదమ్ములు, అలిగి వెళ్లిన కొడుకుకు ఫోన్ చేయని తండ్రి... మనకు వెలుగుంది, సమయముంది. అయినా ఆ మాట నోట రాదు. సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమని పౌలు ఎఫెసీ సంఘానికి రాసింది (4:26) ఇందుకే. రేపటి సూర్యోదయం మన చేతిలో లేదు.

మరి ఏ మాటా అందుకోలేకపోయిన కుటుంబాల సంగతేమిటి? తల్లి తన బిడ్డను మరచినా తాను మరువనని, తన ప్రజలను అరచేతులమీద చెక్కుకున్నానని దేవుడు యెషయా ద్వారా తెలియజేశాడు (49:15, 16). మన రాత రేకు మీద, ఆయన రాత తన అరచేతిలో. సిలువలో మేకులు దిగిన చేతులను చూసిన మనకు ఆ రాత విలువ తెలియదా?

ప్రియ చదువరీ, ఈ సాయంత్రం నీవు ఎవరికి ఆ మాట చెప్పాలి?