వ్యాధి నిర్వచనం - వ్యూ నిర్వచనం: ఉద్దానం మూత్రపిండ వ్యాధి సమాచారం ఆధారంగా ఒక పరిశీలన

ఉద్దానంలో మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఎందరన్న ప్రశ్నకు అధ్యయనాలన్నీ ఒకే సంఖ్య చెప్పవు. సోంపేట మండలంలోని బారువ తీరం నుంచి కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా పరచుకున్న ఈ కొబ్బరితోటల సీమలో వ్యాధికి మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. లెక్కల్లో తేడాకు ఒక కారణం నిర్వచనంలోనే ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వడపోత రేటు 60 కంటె తగ్గడం గాని, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం వంటి నష్టసూచన గాని మూడు నెలలకు మించి కొనసాగితేనే అది దీర్ఘకాలిక వ్యాధి. ఒక్క రక్తపరీక్షతో తేల్చిన సంఖ్యను దీనితో పోల్చడం సరికాదు.

ఇటువంటి నిర్వచనాన్ని డేటాబేస్‌లో భద్రపరచే సాధనం వ్యూ. ‘వ్యక్తులు’, ‘పరీక్షలు’ అనే రెండు పట్టికలు ఉన్నాయనుకుంటే, మొదటి వ్యూను ఇలా నిర్మించవచ్చు:

క్రియేట్ వ్యూ తగ్గుదల యాజ్ సెలెక్ట్ వ్యక్తి_సంఖ్య, తేదీ ఫ్రమ్ పరీక్షలు వేర్ రేటు < 60;

దానిపై రెండవది:

క్రియేట్ వ్యూ దీర్ఘకాలికం యాజ్ సెలెక్ట్ వ్యక్తి_సంఖ్య ఫ్రమ్ తగ్గుదల గ్రూప్ బై వ్యక్తి_సంఖ్య హావింగ్ మాక్స్(తేదీ) - మిన్(తేదీ) > 90;

ఇక ‘సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ దీర్ఘకాలికం’ అని ప్రశ్నిస్తే చాలు. వ్యూలో సమాచారం నిల్వ ఉండదు. నిర్వచన వాక్యం మాత్రమే ఉంటుంది. ప్రశ్నించిన ప్రతిసారీ వ్యవస్థ ఆ వాక్యాన్ని విప్పి మూల పట్టికలపై నడుపుతుంది. కనుక పరీక్షల పట్టికలో ఒక తేదీని సవరిస్తే రెండు వ్యూలలోనూ ఆ సవరణ ప్రతిఫలిస్తుంది. ఒకే జాబితాను పలు ఎక్సెల్ ప్రతులుగా దాచుకునే అలవాటులో ఈ సౌలభ్యం లేదు.

అయితే వ్యూ తటస్థమైన కిటికీ కాదు. పై రెండవ వాక్యం ఆల్బుమిన్‌ను లెక్కలోకే తీసుకోలేదు. రెండు తక్కువ ఫలితాల నడుమ రేటు కోలుకున్న వ్యక్తిని సైతం అది రోగిగానే లెక్కిస్తుంది. ఊరివారీ శాతం తీసేటప్పుడు చిక్కు ఇంకా పెద్దది. రెండు పట్టికలను ‘ఇన్నర్ జాయిన్’తో కలిపితే, శిబిరం నాటికి వేటకో వలసకో వెళ్ళి పరీక్షకు అందనివారు ఫలితంలో నుంచే మాయమవుతారు. ‘లెఫ్ట్ జాయిన్’ వారిని నిలుపుతుంది గాని వారి రేటు ‘నల్’గా మిగులుతుంది, వారిని హారంలో చేర్చి శాతం తీస్తే, పరీక్ష జరగనివారు ఆరోగ్యవంతుల లెక్కలో పడతారు. ఏది ఎంచుకున్నా అది పరిశోధకుని నిర్ణయమే. అందుచేత శాతంతో పాటు ఆ వ్యూ వాక్యాన్నీ ప్రచురించడం సమంజసం.

వ్యూకు మరో ప్రయోజనం గోప్యత. మూల పట్టికలపై అనుమతి ఇవ్వకుండా, పేర్లు లేని వ్యూపై మాత్రమే ‘గ్రాంట్ సెలెక్ట్’ ఇవ్వవచ్చు. అదొక్కటే చాలదు. చిన్న పల్లెలో ఒకే ఒక రోగి ఉంటే, పేరు లేకపోయినా ఊరంతటికీ తెలిసిపోతుంది. ఊరివారీ వ్యూలో ‘హావింగ్ కౌంట్(*) >= 5’ వంటి హద్దు అవసరమయ్యేది ఇక్కడే.

వ్యూ ద్వారా సమాచారాన్ని సవరించడం పరిమితం. సిద్ధాంతరీత్యా సవరించదగిన ప్రతి వ్యూనూ వ్యవస్థ సవరించగలగాలని ఇ. ఎఫ్. కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో ఒకటి. ఆచరణలో ఏ వ్యవస్థా దానిని పూర్తిగా అందుకోలేదు. సమూహపరచిన వరుస ఏ మూల వరుసకు చెందినదో తేలదు కాబట్టి ‘దీర్ఘకాలికం’ను నేరుగా మార్చడం కుదరదు. పట్టికలు బాగా పెరిగితే ఫలితాన్ని నిల్వచేసే ‘మెటీరియలైజ్డ్ వ్యూ’ను వాడతారు. పోస్ట్‌గ్రెస్‌లో ‘రిఫ్రెష్’ ఆదేశం ఇచ్చేదాకా అది పాత సంఖ్యనే చూపుతుంది. అటువంటి దాని నుంచి ఉదహరించే లెక్క పక్కన చివరి రిఫ్రెష్ తేదీ ఉండాలి.