పాట మధ్యలో మొరాయిస్తే.. పలికేదెవరు?

భజన బృందం కీర్తనలు, పిల్లల కచేరీ, అమ్మమ్మ పాడే పెళ్లిపాటలు.. ఇవి రికార్డు చేయాలంటే ఒకప్పుడు చెన్నైకో, బెంగళూరుకో పోయి గంటల లెక్కన స్టూడియో అద్దె కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు కంప్యూటరు, మంచి మైకు, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా ఇంటి గదే స్టూడియో. చిక్కంతా సాఫ్ట్‌వేర్ ఎంపికలోనే. ఎన్ని ట్రాకులు, ధరెంత అని అందరూ అడుగుతారు. రాత్రి పదింటికి అది మొరాయిస్తే ఎవరిని అడగాలన్నది మాత్రం చాలామందికి తోచదు.

'జీవితకాలం' ఏడాదిన్నరే!

కేక్‌వాక్ 1987 నుంచి ఉన్న పేరు. 2016లో ఆ సంస్థ తన సోనార్ ప్లాటినం కొన్నవారికి జీవితకాలం కొత్త రూపాలు ఉచితమని ప్రకటించింది. నమ్మి డబ్బు కట్టినవారు ఎందరో. 2017 నవంబరులో యజమాని సంస్థ గిబ్సన్ ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధినే ఆపేసింది. ఏళ్ల తరబడి చేసుకున్న పాటలు ఏమైపోతాయోనని వాడేవాళ్లు బెంగపడ్డారు. అప్పుడు వారికి మిగిలిన ఆసరా తోటి వినియోగదారులే. 2018 ఫిబ్రవరిలో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ కొనుక్కుని, ఏప్రిల్‌లో ఉచితంగా ఇవ్వడంతో ఊపిరి పీల్చుకున్నారు. కంపెనీ మాట ఒక్కటే నమ్ముకుంటే చాలదని ఆ అనుభవం చెబుతోంది.

ఫోల్డరు మరిస్తే పాట పోయినట్టే

ఆడాసిటీ ఉచిత సాఫ్ట్‌వేర్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో జనంలోకి వచ్చింది. దాని పాత రూపాల్లో పాట రెండు చోట్ల ఉండేది.. ఒక చిన్న ప్రాజెక్టు ఫైలు, దాని పక్కనే అసలు ధ్వని దాచిన డేటా ఫోల్డరు. తెలియనివారు చిన్న ఫైలు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లేవారు. తీరా తెరిస్తే పాట ఉండేది కాదు. ఆ కిటుకు కొత్తవారికి ఓపిగ్గా విప్పి చెప్పింది అనుభవం ఉన్న వినియోగదారులే. 2021లో వచ్చిన 3.0 రూపంతో రెండూ ఒకే ఫైలయ్యాయి.

చూపు లేనివారికీ దారి

రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ది ఇంకో కథ. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో దాన్ని వాడుకోవడానికి 'ఓసారా' అనే ఉచిత అనుబంధం ఉంది. దాన్ని తయారుచేసింది కంపెనీ కాదు.. వాడేవాళ్లే. చూపు లేని కళాకారులు దాని సాయంతో సొంతంగా రికార్డింగ్ చేసుకుంటున్నారు.

కొనేముందు ఇలా చేయండి

* రీపర్‌ను 60 రోజులు పూర్తిస్థాయిలో వాడి చూడొచ్చు. ఇలాంటి గడువు ఉన్నప్పుడే కంపెనీకి ఒక ప్రశ్న పంపండి. ఎన్నాళ్లకు జవాబొచ్చింది, అడిగినదానికే వచ్చిందా అన్నది చూసుకోండి.
* ఫోన్ సాయం ఉందంటే వేళలు అడగండి. అమెరికాలో పగలంటే మనకు రాత్రి.
* మీ దగ్గరున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌తోనే ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి.
* సాయం అడిగేటప్పుడు 'పనిచేయట్లేదు' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. కంప్యూటరు రకం, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఏం నొక్కితే ఏం కనిపించిందో వివరంగా రాయండి.
* ప్రతి ట్రాకునూ మొదటినుంచి చివరిదాకా విడిగా వేవ్ ఫైలుగా మరోచోట దాచండి. కంపెనీ మూతపడినా వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుంది.

నేర్చినవారు చెబితేనే..

ఈ సాయమంతా ఎక్కువగా ఇంగ్లిషులోనే దొరుకుతుంది. కన్నడ, తమిళ, ఒడియా బడుల్లో చదువుకుని, ఇంట్లో తెలుగు పాట పాడుకునే కుటుంబాలకు అది అంత సులువు కాదు. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు పక్క వీధిలో, పక్క ఊళ్లో ఎవరు ఏది వాడుతున్నారో కనుక్కోవడం మేలు. పేరుమోసిన దానికన్నా నలుగురికీ తెలిసినదే ఆపదలో ఆదుకుంటుంది. నేర్చినవారు మరొకరికి తెలుగులో చెబితే అదే పెద్ద సాయం. పోయిన సాఫ్ట్‌వేర్ మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మమ్మ పాట పోతే మళ్లీ పాడేదెవరు?