అగ్నిసాక్ష్యము

మన వివాహములకు అగ్నియే సాక్షి. ఆ యగ్ని న్యాయస్థానమునందును సాక్ష్యము చెప్పగలదని మన సోదరీమణులలో ననేకు లెరుగరు. ఆ విషయమునే యిచట సంగ్రహముగా దెలుపుచున్నాము.

మంటకు ఇంధనము, ప్రాణవాయువు, వేడిమి యను మూడును గావలెను. ఒక్కటి లోపించినను పొయ్యి యారిపోవును. కట్టెకు గావలసిన ప్రాణవాయువు చుట్టునున్న గాలినుండి రావలెను గనుక నది మెల్లగా గాలును. ప్రేలుడు పదార్థ మట్లు గాదు. అది ప్రాణవాయువును దనలోనే యిముడ్చుకొని యుండును. కావున గాలికై వేచియుండక, రెప్పపాటులో వేడివాయువుగా మారి, చుట్టునున్న సమస్తమును ద్రోసివైచును.

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఏడుగంటల వేళ దిల్‌సుఖ్‌నగరున జరిగిన దిదియే. మలకుపేటనుండి ఎల్.బి.నగరునకు బోవు పెద్దబాటపై, బస్సులకై నిలిచినవారును, ఫలహారమునకు వచ్చినవారును మూగియుండగా, సైకిళ్లపై నుంచిన రెండు బాంబులు వెంటవెంటనే ప్రేలెను. 18 మంది మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. ఎరువులలో వాడుకగల అమోనియం నైట్రేటే యందు గలదని విచారణలో దేలెను. ఐదుగురికి 2016 డిసెంబరులో విధింపబడిన మరణశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిలులో స్థిరపరచెను.

సర్వము ఛిన్నాభిన్నమైనచోట ఏ మందు ప్రేలెనో యెట్లు దెలియును? ఎంతటి ప్రేలుడైనను మందు నంతటిని గాల్చివేయదు. గుంటలోని మట్టియందును, వంగిన యినుపముక్కలపైనను అణుమాత్రము మిగులును. నిపుణులు దానిని నీటిలోనికి దీసి పరీక్షింతురు. నైట్రేటు మామూలు మట్టిలోను ఉండవచ్చును గదా యని సందేహము గలుగును. అందుకే కొంతదూరమున ప్రేలుడు సోకని మట్టినిగూడ దెచ్చి పోల్చిచూతురు. నైట్రేటు నీట నిట్టె కరగును. తొందరపడి వీధిని గడిగినచో సాక్ష్యమును గొట్టుకొనిపోవును.

ఈ శాస్త్రము మన వంటయింటికిని వర్తించును. "స్టవ్వు ప్రేలి కోడలు మరణించెను" అను మాటను మన మెన్నిమారులు వినలేదు? నేడు "గ్యాసు కారినది" అందురు. స్టవ్వు నిజముగా ప్రేలినచో దాని రేకు చీలియుండవలెను. గ్యాసు నిండి యంటుకొన్నచో గదియందంతటను మంటసోకిన గుర్తు లుండవలెను. కిరసనాయిలు పైనుండి పోసినచో వెండ్రుకలలోను, నడుమున బిగిసిన చీరకుచ్చెళ్లలోను దాని జాడ నిలిచియుండును. ఆ గుడ్డను గాలి చొరని డబ్బాలో భద్రపరుపవలెను. లేనిచో నూనె యావిరియైపోవును. శ్వాసనాళమున మసి కనబడినచో మంట లంటుకొన్నప్పు డామె జీవించియుండెనని వైద్యులు గ్రహింతురు. మసి లేనిచో, ముందే ప్రాణము దీసి పిమ్మట నిప్పంటించిరా యని విచారింతురు.

వివాహమైన యేడేండ్లలోపల స్త్రీ అనుమానాస్పదముగా మరణించినచో శవపరీక్ష జరుపవలెనని చట్టమే విధించుచున్నది. "పరువు పోవును, దహనము గానిండు" అను పెద్దల మాటకు లోబడి తలిదండ్రులు దీనిని వదలుకొనరాదు. నేరము లేనిచో నిరపరాధులైన యత్తమామలకును ఈ పరీక్షయే రక్ష.

మృతి సంభవించిన యింటిని గడుగుట మన యాచారము. కాని యిట్టి మరణమున, పోలీసులును నిపుణులును వచ్చువరకు ఆ గదికి దాళము వేయుడు. బూడిదను ఊడ్వకుడు, కాలిన చీరను పారవేయకుడు. నోరులేని యా బిడ్డ పక్షమున మాటలాడునవి అవియే.