పొగాకు పైపుల కాలనిర్ణయం: డబ్లిన్ పీటర్సన్ పైపుల ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
పాత పొగాకు పైపులను సేకరించేవారికి, వాటిని భద్రపరిచే ప్రదర్శనశాలలకు మొదట ఎదురయ్యే ప్రశ్న కాలానికి సంబంధించినది. చెక్కపై ముద్ర, వెండిపై హాల్‌మార్క్, నోటిగొట్టం తయారైన పదార్థం అనే మూడూ ఇందుకు ప్రధానసాక్ష్యాలు. అయితే ప్రతి సాక్ష్యమూ తానున్న భాగం కాలాన్ని మాత్రమే చెబుతుంది; మొత్తం వస్తువు కాలాన్ని కాదు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు చెందిన పీటర్సన్ పైపులను ప్రధానోదాహరణగా తీసుకొని ఈ సూత్రాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పొగాకు పైపు, కాలనిర్ణయం, ముద్ర, హాల్‌మార్క్, పూర్వావధి, ఉత్తరావధి.

1. ఉపోద్ఘాతం:
తాళపత్రగ్రంథం చివర లేఖకుడు వ్రాసుకొన్న సంవత్సరం ఆ ప్రతికి చెందినదే గాని కావ్యరచనకు చెందినది కాదు. సాహిత్యపరిశోధకులకు సుపరిచితమైన ఈ వివేకమే పైపుల కాలనిర్ణయానికీ మూలం. పైపు చూపులకు ఒకే వస్తువైనా నిజానికి అది కొన్ని భాగాల కూర్పు. పొగాకు నింపే గిన్నె, దానిని అంటి ఉండే కాడ ఒకే చెక్కముక్కతో తయారవుతాయి. నోటిగొట్టం వేరే పదార్థంతో చేసి కాడలో బిగిస్తారు. కాడ చివర చీలకుండా లోహపు పొన్ను తొడుగుతారు. వాడుకలో గొట్టం విరుగుతుంది, కాడ పగులుతుంది, కొత్తవి అమరుతాయి. అందువల్ల ఒకే పైపులో వేర్వేరు దశాబ్దాల భాగాలు కలిసి ఉండడం అరుదు కాదు.

ఈ పరిశీలనలో రెండు హద్దులను గుర్తించాలి. ఒక వస్తువు ఏ కాలానికి ముందు పుట్టి ఉండదో అది పూర్వావధి. ఏ కాలానికి తరువాత పుట్టి ఉండదో అది ఉత్తరావధి. పైపులపై కనిపించే ఆధారాలలో ఎక్కువభాగం పూర్వావధినే ఇస్తాయి. దానినే తయారీ సంవత్సరంగా భావించడం వల్ల అనేక పైపులు తమ అసలు వయసుకన్నా పాతవిగా చలామణి అవుతున్నాయి.

2. చెక్కపై ముద్ర:
మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద వేరుమొదట్లో ఏర్పడే గట్టి బుడిపెను బ్రయర్ అంటారు. 19వ శతాబ్ది మధ్యభాగం తరువాత పైపుల తయారీలో ఇది ప్రధానపదార్థమైంది. లాత్వియా నుంచి డబ్లిన్ చేరిన చార్లెస్ పీటర్సన్, పొగలోని తడి నోటికి చేరకుండా ఒక చిన్న గుంటలో నిలిచిపోయే ఏర్పాటుకు 1890లో పేటెంటు పొందాడు. పొగను నాలుకపైకి కాక పైకి మళ్లించే ‘పి-లిప్’ గొట్టానికి 1898లో పేటెంటు లభించింది. ఈ రెండు ఏర్పాట్లూ నేటికీ కొనసాగుతున్నాయి. కాబట్టి పైపుపై పేటెంటు సంవత్సరం కనిపిస్తే అది పూర్వావధి మాత్రమే.

ఇంతకన్నా బలమైన ఆధారం దేశం పేరు. అమెరికాలోకి దిగుమతయ్యే వస్తువులపై తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం నిర్దేశించింది. ఈ నియమం 1891లో అమలైంది. ఐర్లండ్ విషయంలో దేశం పేరు 20వ శతాబ్దిలో పలుమార్లు మారింది. 1922 డిసెంబరులో ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’ ఏర్పడింది. 1937 డిసెంబరులో అమలులోకి వచ్చిన రాజ్యాంగం దేశాన్ని ‘ఏరె’ అని పేర్కొన్నది. 1949 ఏప్రిల్ నుంచి ‘రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్’ అనే వర్ణన చట్టబద్ధమైంది. పీటర్సన్ ముద్రలు ఈ మార్పులను అనుసరించాయి. సేకర్తలు ఈ పైపులను రిపబ్లిక్‌కు పూర్వం, తరువాత అని విభజించడానికి ఇదే కారణం.

అయితే ఈ మూడు పేర్ల సాక్ష్యబలం ఒకే విధంగా లేదు. ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’ అని ఉన్న చెక్క 1922కు ముందుది కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. 1937తోనే ఆ ముద్ర ఆగిందని మాత్రం అంత నిశ్చయంగా చెప్పలేం. రాజ్యాంగం ఒక్కరోజులో అమలైనా కార్ఖానాలోని ముద్రదిమ్మ ఆనాడే మారాలన్న నియమం లేదు. ముద్ర వేసి నిలువ ఉంచిన సరుకు తరువాత అమ్ముడు కావచ్చు. కేవలం ‘ఐర్లండ్’ అని ఉంటే అది కాలనిర్ణయానికి ఇంకా తక్కువగా తోడ్పడుతుంది.

3. వెండి పొన్ను:
డబ్లిన్‌లో పరీక్షించిన వెండిపై కిరీటం గల వీణ, కూర్చున్న స్త్రీరూపంలోని హైబర్నియా, తయారీదారు గుర్తు, సంవత్సరాన్ని సూచించే అక్షరం సాధారణంగా ఉంటాయి. పైపుపై ఇంత కచ్చితంగా సంవత్సరం చెప్పే ఆధారం మరొకటి లేదు. అయినా రెండు జాగ్రత్తలు అవసరం. అక్షరమాల పూర్తికాగానే అదే అక్షరం మళ్లీ వస్తుంది. కాబట్టి అక్షరాన్ని మాత్రమే కాక దాని లిపిరూపాన్ని, చుట్టూ ఉన్న డాలు ఆకృతిని పట్టికతో పోల్చాలి. ఈస్టర్ తిరుగుబాటు స్వర్ణోత్సవ సందర్భంగా 1966లో ఐరిష్ వెండిపై వేసిన ‘వెలుగుల ఖడ్గం’ చిహ్నం వంటి ప్రత్యేకగుర్తులు ఈ సందిగ్ధతను తొలగిస్తాయి.

రెండవది, అన్ని లోహచిహ్నాలూ హాల్‌మార్క్‌లు కావు. పీటర్సన్ సంస్థ నికెల్ పొన్నులపై షామ్రాక్ ఆకు, వేటకుక్క, గుండ్రని గోపురం గుర్తులను ముద్రించింది. వరుసగా మూడు చిన్న గుర్తులు ఉండడంతో వీటిని హాల్‌మార్క్‌గా భ్రమించే అవకాశం ఉంది. ఇవి అలంకారచిహ్నాలే, వెండినీ సూచించవు, సంవత్సరాన్నీ సూచించవు.

4. నోటిగొట్టం:
గంధకంతో గట్టిపరచిన రబ్బరును ఎబొనైట్ లేదా వల్కనైట్ అంటారు. వెలుతురు, గాలి తగిలి దీని నలుపు పాకుడువర్ణానికి మారుతుంది. అంబర్‌ను పోలిన పసుపు గొట్టం బేకలైట్‌దని తేలితే అది 1907కు తరువాతిదే. లియో బేకలాండ్ ఆ పదార్థాన్ని కనుగొన్నది ఆ సంవత్సరంలోనే. అయితే పైపులో అన్నిటికన్నా ముందు మారేది నోటిగొట్టమే. కాబట్టి చెక్కకు కాలం చెప్పడంలో దీని సాక్ష్యం బలహీనం.

5. ముద్రలేని మట్టిపైపులు:
తయారీదారు గుర్తు లేని పాత ఆంగ్ల మట్టిపైపులకు మరొక పద్ధతి ఉంది. కాలం గడిచేకొద్దీ గొట్టంలోని రంధ్రం సన్నబడిందని జె.సి. హారింగ్టన్ 1954లో చూపాడు. ఆయన లెక్క ప్రకారం 17వ శతాబ్ది ఆరంభంలో అంగుళంలో 64వ వంతులు 9 ఉన్న వ్యాసం 18వ శతాబ్ది ద్వితీయార్ధానికి 4కు తగ్గింది. లూయిస్ బిన్‌ఫర్డ్ దీనిని ఒక సూత్రంగా మలిచాడు: సగటు వ్యాసాన్ని 38.26తో గుణించి 1931.85 నుంచి తీసివేయాలి. సగటు 6 అయితే ఫలితం సుమారు 1702. ఇది ఒకేచోట దొరికిన అనేక ముక్కల సగటుకు వర్తించే లెక్క. ఒక్క ముక్కను చేతపట్టి దాని పుట్టిన సంవత్సరం చెప్పడానికి ఇది చాలదు.

6. సాక్ష్యాల సమన్వయం:
చెక్కపై ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’, పొన్నుపై 1950ల నాటి అక్షరం ఉన్న పైపును ఊహించవచ్చు. ఇక్కడ పొన్ను తరువాత అమర్చినదయ్యే అవకాశం ఎక్కువ. దాని కింద పగులు ఉందేమో చూడాలి. చెక్కపై ‘రిపబ్లిక్’ ఉండి పొన్ను అక్షరం 1930ల నాటిదిగా తోస్తే ముందుగా అక్షరపఠనాన్నే శంకించాలి; తరువాతి చక్రంలోని అదే అక్షరం కావచ్చు. ‘రిపబ్లిక్’ ముద్ర, 1966 ఖడ్గచిహ్నం కలిసి ఉంటే ఒకదానినొకటి బలపరుస్తాయి. భాగాలు ఏకీభవించినప్పుడే వస్తువుకు ఒక సంవత్సరం చెప్పాలి. విభేదించినప్పుడు భాగానికొక కాలం నమోదు చేయడమే సరైన పద్ధతి.

ఈ సాక్ష్యాలకు ప్రధానశత్రువు మెరుగు. చెక్కపై ముద్ర లోతు అత్యల్పం. గరుకుకాగితంతో రుద్దినా, తిరిగే చక్రంపై మెరుగుపెట్టినా అక్షరాలు చెరిగిపోతాయి. వెండి అక్షరాలూ అలాగే అరుగుతాయి. పైపు కొత్తదానిలా మెరుస్తుంది, కానీ దాని చరిత్ర మిగలదు. అందుకే శుభ్రపరచకముందే పక్కనుంచి వాలుగా వెలుగు పడేటట్లు చేసి, భూతద్దంతో ముద్రలను చదివి, ఛాయాచిత్రాలు తీసుకోవాలి.

7. ముగింపు:
• ముద్ర, హాల్‌మార్క్, పదార్థం తామున్న భాగానికే సాక్ష్యాలు.
• పేటెంటు సంవత్సరం, దేశం పేరు ప్రధానంగా పూర్వావధిని ఇస్తాయి. ఉత్తరావధికి వేరే ఆధారం కావాలి.
• సంవత్సరాక్షరాన్ని లిపిరూపం, డాలు ఆకృతితో కలిపి చదవాలి.
• రంధ్రవ్యాసపు లెక్క ముక్కల సముదాయానికి చెల్లుతుంది, ఒక్క ముక్కకు చెల్లదు.
• ‘1922 తరువాత’ వంటి వెడల్పైన నిజం, ఆధారం లేని కచ్చితమైన సంవత్సరం కన్నా పరిశోధనకు ఎక్కువ ఉపకరిస్తుంది.