కుండలో పులిసే ఖరగ్‌పూర్ బీరు

ఖరగ్‌పూర్: బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ పట్టణంలో బీరు అనగానే సీసాయే గుర్తుకు వస్తుంది. పట్టణం దాటి సంతాల్ పల్లెల్లోకి వెళితే మాత్రం ఇళ్లలో చేతితో తయారయ్యే బియ్యపు బీరు 'హండియా' కనిపిస్తుంది.

తాటి నీరాలో చక్కెర ఉంటుంది గనుక దానంతట అదే పులిసి కల్లవుతుంది. అన్నానికి ఆ సౌలభ్యం లేదు. అందుకే వండి ఆరబెట్టిన అన్నంలో, అడవి వేళ్లు, బియ్యప్పిండి కలిపి చేసిన 'బాఖర్' బిళ్లల పొడి కలుపుతారు. అందులోని బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా మారిస్తే, ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంది. వేసవిలో రెండు మూడు రోజులు, చలికాలంలో అంతకు మించి కుండలో ఉంచి, నీళ్లు పోసి వడగడతారు.

రుచి చూడదలచినవారు తొందరపడరాదు. మొదట పులుపు, వెనుక సన్నని తీపి, చివరగా వేళ్ల చేదు. మత్తు కోసం గటగటా తాగేవారికి ఆ మూడో రుచి అందదు. పండుగల్లో సంతాలులు ముందుగా మరాంగ్ బురుకు సమర్పించి, ఆ తరువాతనే తాము సేవిస్తారు.

సంతల్లో హండియా అమ్మకం ఎందరో స్త్రీలకు జీవనాధారం. అడవి వేళ్లు అరుదైన కొద్దీ వారు బజారు బిళ్లలపై ఆధారపడవలసి వస్తోంది. బిళ్ల మారితే బీరే మారిపోతుంది. 1909 నాటి బెంగాల్ ఎక్సైజ్ చట్టం బియ్యపు బీరును 'పచ్వాయ్' పేరుతో గుర్తించింది గాని, తల్లి నుంచి కూతురికి అందే బిళ్ల విద్యను కాపాడటం ఏ ఎక్సైజ్ శాఖ పనీ కాదు.